రాష్ట్రం మనది, విత్తనం ఎవరిది?

2024 మే నెలాఖరు. రోహిణి కార్తె ఎండ మాడు పగులగొడుతున్నది. ఆదిలాబాద్‌ల విత్తనాల దుకాణాల ముంగట తెల్లారకముందే రైతుల లైన్లు. ఒకే కంపెనీ, ఒకే రకం పత్తి సంచి కోసం వందల మంది. ఆడోళ్లు, ముసలోళ్లు, పట్టాదారు పాసుబుక్కులు చేతిల పట్టుకొని గంటలకొద్ది నిలబడ్డరు. తోపులాట అయ్యింది. ఆఖరికి పోలీసులు దిగిండ్రు.

ఆ వారంలనే హైదరాబాద్‌ల రాష్ట్రావతరణ పదేండ్ల పండుగకు ఏర్పాట్లు నడుస్తున్నయి. జూన్ 2 నాటికి తెలంగాణ వచ్చి పదేండ్లు. అమరవీరుల స్తూపం కాడ పూలదండలు, ఆదిలాబాద్ల విత్తనం దుకాణం కాడ పోలీసులు.

ఎవరి తప్పు? విత్తనం కొరత లేదని అధికారులన్నరు. రైతులు ఒక్క రకమే అడుగుతున్నరని అన్నరు. తప్పు రైతుదేనని తేల్చిండ్రు. అధికారులు అనని మాట ఒకటున్నది. ఈ లైన్ల నిలబడ్డ రైతు తాత ఎన్నడూ విత్తనం కోసం లైన్ల నిలబడలేదు. ఆయన విత్తనం ఇంట్లనే ఉండె. ఈత బుట్టల, బూడిద కలిపి, వేపాకు వేసి, పైన పేడతోటి అలికి, అటుక మీద ఉండె. మృగశిర చినుకు పడంగనే దించుకునేది. ఇంట్ల లేకపోతే పక్కింట్ల ఉండె. దానికి ధర లేదు, బిల్లు లేదు, ఎమ్మార్పీ లేదు. ఆ బుట్ట ఎట్ల వోయింది? ఎవరు కొంటవోయిండ్రు? దీనికి జవాబు చెప్పకుండ స్వయంపాలన గురించి ఎంత మాట్లాడినా ఉత్త మాటే.

సంచి లెక్క

ముందు చిన్న లెక్క కడదాం. తెలంగాణల పత్తి 40 లక్షల ఎకరాలకు పైనే వేస్తరు. ఎకరానికి తక్కువల తక్కువ రెండు సంచులు. బీజీ-2 సంచి గరిష్ఠ ధర 2025-26కు కేంద్రం 901 రూపాయలని కట్టింది. 40 లక్షల ఎకరాలు, 80 లక్షల సంచులు, 720 కోట్ల రూపాయలు. ఒక్క పంటకు, ఒక్క కాలానికి, ఒక్క విత్తనానికి! మొలక పోయి రెండోసారి పెట్టినోళ్ల లెక్క ఇందుల లేదు. మందులు, ఎరువుల లెక్క లేదు. బ్లాకుల కొన్న లెక్క అసలే లేదు.

ఈ 720 కోట్లు జూన్ నెలల ఊర్లల్లకెల్లి లేసి పోతయి. మళ్ల తిరిగి ఊరికి రావు. వచ్చే ఏడు మళ్ల పోతయి. ఉద్యమం నడిచిన కాలంల మన నీళ్లు ఎటు పోతున్నయి, మన నిధులు ఎటు పోతున్నయి అని టీఎంసీలు, రూపాయలు లెక్క తీసి ఊరూరు తిరిగి చెప్పినం. పోతిరెడ్డిపాడు తూముల లెక్క చదువురాని ముసలవ్వ గూడ చెప్పేది. మరి ఈ 720 కోట్ల తూము లెక్క ఎందుకు తీస్తలేం? అది ఆంధ్ర సర్కారు తూము కాదనా? పక్క జిల్లాకు గాక జర్మనీకి పోతే దోపిడి కాకుండ పోతదా?

గుప్పెట్లకు ఎట్ల పోయింది

1997-98ల వరంగల్ జిల్లాల పురుగు పత్తిని తినేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పులు తెచ్చి కొట్టిన మందు పురుగును చంపలేదు, రైతును చంపింది. వందల మంది రైతులు ప్రాణం తీసుకున్నరు. ఆ శవాల మీద నుంచే కొత్త వ్యాపారం నడిచొచ్చింది. 2002ల దేశంల బీటీ పత్తికి అనుమతి దొరికింది. మహికో, మాన్సాంటో కలిసి తెచ్చినయి. ఇగ పురుగు మందు అక్కర లేదన్నరు.

మూడేండ్లు తిరగకుండనే వరంగల్ రైతులు పంట పోయిందని రోడ్డెక్కిండ్రు. 2005ల ఆ కంపెనీ మొదట తెచ్చిన మూడు హైబ్రిడ్లను ఆంధ్రప్రదేశ్‌ల అమ్మొద్దని కేంద్ర అనుమతుల కమిటీనే ఆపేసింది. అప్పుడు 450 గ్రాముల సంచి ధర 1,600 నుంచి 1,850 రూపాయలు. అందుల 1,250 దాకా ఒక్క జన్యువు కోసం మాన్సాంటోకు కట్టే రాయల్టీ. అంటే రైతు కొన్నది విత్తనం గాదు. విత్తనం పేరు మీద కప్పం కట్టిండు. రైతు సంఘాలు వెంటపడితే 2006ల ఉమ్మడి రాష్ట్ర సర్కారు గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు పోయింది. కమిషన్ మొట్టికాయ వేసినంక సంచి 750కి దిగింది.

ఈ సంగతి రెండు తీర్ల చదువుకోవాలె. ఒకటి, కొట్లాడితే కంపెనీ దిగుతది. ఎంత పెద్ద కంపెనీ అయినా దిగుతది. రెండు, ధర దిగింది గని తాళంచెవి మారలేదు. 2020 నాటికి జన్యువు రాయల్టీని కేంద్రం సున్నా చేసింది. అయినా రైతు ఏటేటా కొనుడు ఆగలేదు. ఎందుకు? ఇక్కడనే మతలబు ఉన్నది.

అమెరికాల, చైనాల పత్తి ఎక్కువ మటుకు సూటి రకాలే. గింజ దాచి మళ్ల వేస్తే మొలుస్తది, అదే గుణం వస్తది. మన దేశంల బీటీ జన్యువును హైబ్రిడ్లల్ల మాత్రమే పెట్టి అమ్మిండ్రు. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే రెండో ఏడు పంట కలగాపులగం అయితది. చట్టం అడ్డం రాకున్నా, రాయల్టీ లేకున్నా, ఏటేటా దుకాణానికి పోక తప్పదు. నలభైకి పైగా దేశీ కంపెనీలు ఆ జన్యువుకు లైసెన్సు తెచ్చుకొని అమ్మినయి. సంచి మీద బొమ్మలు వేరు, పేర్లు వేరు, లోపల జన్యువు ఒక్కటే. రైతుకు కనపడ్డది వంద రకాల సంచులు. ఉన్న దారి మటుకు ఒక్కటే.

ఆ జన్యువన్నా పనిచేస్తున్నదా? గుజరాత్‌ల మొదటి రకం బీటీకి గులాబీ రంగు పురుగు తట్టుకుంటున్నదని 2010లనే కంపెనీ ఒప్పుకున్నది. తర్వాత బీజీ-2ను గూడ అదే పురుగు గెలిచింది. ఇయ్యాల మన పత్తి చేన్ల మళ్ల మందు కొట్టుడే. మందు అమ్మేది ఎవరు? విత్తనం అమ్మేటోళ్లే. 2018ల బేయర్ కంపెనీ 6,300 కోట్ల డాలర్లు పెట్టి మాన్సాంటోను మింగింది. డౌ, డూపాంట్ ఒక్కటై కోర్టేవాను పుట్టించినయి. సింజెంటాను చైనా సర్కారు కంపెనీ కొన్నది. ప్రపంచంల విత్తన వ్యాపారం సగానికి పైగా నాలుగు కంపెనీల చేతిల ఉన్నది. ఆ నాలుగే పురుగుమందుల వ్యాపారంల గూడ పెద్దవి. రోగం వాళ్లదే, మందు వాళ్లదే. చేను మటుకే మనది, దాని మీది అప్పు మనది.

విత్తన భాండాగారం ఎవరి భాండం?

తెలంగాణను దేశానికి విత్తన భాండాగారం చేస్తమని రాష్ట్రం వచ్చినంక గొప్పగ చెప్పుకున్నరు. నిజమే, విత్తనం పండించుట్ల మన నేల అగ్గువది కాదు. కని పండించేటోని బతుకు ఏమున్నది?

గద్వాల పోయి చూడండి. నడిగడ్డల చేనుచేన్ల పత్తి విత్తనం పండిస్తరు. ఒక్కొక్క పువ్వును చేతితోటి విప్పి, మగ పువ్వు పుప్పొడి అద్దాలె. నడుము పడిపోయే పని. చిన్న వేళ్లయితే మంచిగ చేస్తయని బడికి పోవాల్సిన ఆడపిల్లలను ఏండ్లకేండ్లు ఆ పనికి దించిండ్రు. కంపెనీకి, రైతుకు నడుమ ఆర్గనైజర్ ఉంటడు. గింజ ఇచ్చేది ఆయనే, మిత్తికి పైసలిచ్చేది ఆయనే, పంట ఎత్తుకపోయేది ఆయనే. కాయితం ఉండదు. పంట పోయినంక నెలలకు స్వచ్ఛత పరీక్షల ఫెయిలైందని చెప్తరు. ఆ పరీక్ష ఎక్కడ అయ్యింది, ఎవరు చేసిండ్రు? రైతుకు తెల్వదు. కంపెనీ చెప్పిందే ధర, ఆర్గనైజర్ చెప్పిందే లెక్క. దీన్ని వెట్టి అనకుంటే ఏమనాలె?

ఆర్మూరు దిక్కు ఎర్రజొన్న రైతులను అడగండి. ఉత్తరాదికి పశువుల మేత విత్తనంగా పోయే పంట అది. కొనేటోళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. వాళ్లంతా ఒక్కటైతే ధర పడిపోతది. 2008ల పైసలు ఎగ్గొడితే రైతులు కొట్లాడిండ్రు. ఆ బకాయిలను రాష్ట్రం వచ్చినంక 2014ల సర్కారు ఖజానా నుంచి ఇచ్చింది. వ్యాపారి ఎగ్గొట్టిన బాకీ ప్రజల సొమ్ముతోటి తీరింది! 2018ల మళ్ల హైవే మీద కూసుంటే తప్ప సర్కారు కొనుగోలుకు దిగలేదు. 2025ల ములుగు జిల్లాల మక్క విత్తనం వేసిన ఆదివాసీ రైతులు నష్టపోయి రోడ్డెక్కిండ్రు. జిల్లా మారింది, పంట మారింది, కత మారలేదు.

మనం చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలె. ఆంధ్ర పెట్టుబడి పోతే తెలంగాణ పెట్టుబడి వస్తది, అది మనదైతది అనుకున్నం. పెట్టుబడికి ప్రాంతం ఉంటదని నమ్మినం. దుకాణం బోర్డు మీద మన జిల్లా పేరుంటే సంచిల గింజ మనదైపోదు.

జవాబు దూరం లేదు

ఇంత పెద్ద కంపెనీలతోటి మనమేం చేస్తం అనేటోళ్లకు మూడు ఊర్ల పేర్లు చెప్త.

జహీరాబాద్ దిక్కు పస్తాపూర్. 1983ల మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కింద ఊరూరి సంఘాలు. 2023ల కన్నుమూసిన పి.వి. సతీష్ దానికి పునాది వేసినోళ్లల్ల ఒకరు. సంఘాలల్ల ఎక్కువ మంది దళిత ఆడోళ్లు. బీడుపడ్డ ఎర్ర చెలకల జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుము, ఒక్క చేన్లనే పది, ఇరవై తీర్ల పంటలు కలిపి తీస్తరు. సంఘం ఇంట్ల విత్తనం ఉంటది. కావాల్సినోళ్లు కొలిచి తీసుకపోతరు, పంట వచ్చినంక అంతకు ఎక్కువ కొలిచి తెచ్చి పెడ్తరు. పైసలు లేవు, మిత్తి లేదు. 1990లల వాళ్లే బీడు భూములు సాగుల పెట్టి, ఆ జొన్నలను ఊర్లె నిరుపేదలకు అగ్గువకు ఇచ్చేటట్టు సొంత రేషన్ నడిపిండ్రు. ఎవరు పేదోళ్లో ఊరంతా కూసొని తేల్చింది. 2003ల వరంగల్ బీటీ పత్తి రైతుల గోస మీద సినిమా తీసింది ఈ సంఘాల ఆడోళ్లే. 2008ల మాచునూరుల సొంత రేడియో పెట్టుకున్నరు. 2019ల ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. కంపెనీ శాస్త్రవేత్తకు జవాబు చెప్పేటందుకు వాళ్లు డిగ్రీలు చదవలేదు. గింజ చేతిల పట్టుకొని చెప్పిండ్రు.

ముల్కనూర్ రెండోది. అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి నాయకత్వంల 1956ల మొదలైన సహకార సంఘం. రాష్ట్రంల సహకార సంఘాలు దివాలా తీస్తున్న కాలంల గూడ అది నిలబడ్డది. అప్పు ఇచ్చుడే గాదు, సభ్యుల వడ్లు కొంటది, మిల్లు నడుపుతది, సభ్యులతోటి వరి విత్తనం పండించి సొంత పేరు మీద అమ్ముతది. 2000ల అక్కడనే ఆడోళ్లు సొంత పాల డెయిరీ పెట్టుకున్నరు. సర్కారు పెత్తనం లేని 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద రిజిస్టర్ చేసుకున్నరు. కలెక్టర్ దయ మీద నడిచేది గాదు అది. సభ్యుల వాటా, సభ్యుల ఓటు, సభ్యుల లెక్క.

మూడోది జనగామ దిక్కు ఏనెబావి. చిన్న ఊరు. పురుగు మందు డబ్బా, యూరియా సంచి ఊర్లెకు రానియ్యమని ఊరంతా మాట మీద నిలబడ్డది. ఒక్క రైతు మానేస్తే పక్క చేను పురుగు వచ్చి వానిది తింటది. ఊరంతా మానేస్తేనే లెక్క నిలబడుతదని వాళ్లకు తెలిసింది.

వరి సంగతి గూడ చూడాలె. వరిల కంపెనీల పట్టు పత్తిలెక్క ఎందుకు లేదు? జగిత్యాల సన్నాలు, తెలంగాణ సోనా వంటి రకాలు ప్రజల సొమ్ముతోటి నడిచే వర్సిటీల పుట్టినయి. సూటి రకాలు. రైతు దాచుకోవచ్చు, పక్కోనికి ఇయ్యవచ్చు. కప్పం లేదు. అంటే పరిశోధన ప్రజలదైతే, విత్తనం దాచేది ఊరైతే, కంపెనీకి చోటు తగ్గుతది. ఇది కల గాదు, మన పొలంల ఉన్న సంగతే.

ఊరి అధికారం, ఊరి పెత్తనం ఒక్కటి గాదు

ఇక్కడ ఒక హెచ్చరిక. ఊరు అనంగనే అంతా మంచే అనుకుంటే మోసపోతం. నిజామాబాద్ దిక్కు గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నయి. అంకాపూర్ వంటి ఊర్లల్ల రైతులు ఒక్కటై విత్తన కంపెనీలతోటి బేరం చేసి ధర నిలబెట్టుకున్నరు. మెచ్చుకోవాల్సిందే. కని అదే జిల్లాల కొన్ని కమిటీలు దళితులను, చేతివృత్తులోళ్లను సాంఘిక బహిష్కరణ చేసినయి. కల్లు, ఇసుక, చెరువు వేలం పాటలు వెట్టి దండుగలు వసూలు చేసినయి. గడీ కూలిందని సంబురపడితే, ఊరి పేరు మీద కొత్త గడీ లేసింది. కంపెనీ దోపిడికి దొర పెత్తనం మందు గాదు.

అందుకే జహీరాబాద్ ముఖ్యం. అక్కడ తాళంచెవి భూమి ఎక్కువ ఉన్నోని చేతిల లేదు. విత్తనం దాచే పని తరతరాలుగ చేసిన ఆడోళ్ల చేతిల ఉన్నది. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల చేతిల అధికారం ఉంటేనే అది ప్రజల అధికారం.

ఇంకో మాట గూడ వస్తది. కొర్రలు, సామలు వేస్తే కడుపు నిండుతదా, పత్తికి వచ్చే పైసలు వస్తయా అని. న్యాయమైన ప్రశ్నే. బిడ్డ పెండ్లికి, కొడుకు చదువుకు నగదు కావాలె. రేపటికి రేపు పత్తి బంద్ పెట్టుమని ఎవరూ అంటలేరు. పత్తి వేసేటోనికి గూడ దాచుకునే సూటి రకం ఒకటి చేతిల ఉండాలె, ఇంటి తిండికి నాలుగు సాళ్లన్న తన గింజ ఉండాలె అంటున్నం. చేతిల ఇంకో దారి ఉన్నోడే బేరం చెయ్యగలుగుతడు. ఏ దారీ లేనోడు లైన్ల నిలబడుతడు. ఇక చిరుధాన్యాల విలువ ఎంతో 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం చేసినంక కంపెనీలకు మంచిగ సమజైంది. మన అవ్వలు అంబలి తాగితే వెనుకబాటుతనం అన్నోళ్లే, ఇయ్యాల అదే గింజను రంగుల డబ్బాల పోసి సూపర్ మార్కెట్ల అమ్ముతున్నరు. మనం ఒళ్లు మరిస్తే ఆ గింజ గూడ పోతది.

టెంటు మళ్ల వెయ్యాలె

2009 డిసెంబరు నుంచి 2014 దాకా ఈ రాష్ట్రాన్ని తెచ్చింది ఎవరు? ఢిల్లీల ఓటు వేసినోళ్లు చట్టం చేసిండ్రు. ఆ చట్టం చెయ్యక తప్పని గతి తెచ్చింది ఊరూరి జేఏసీ. ఊరి నడుమ టెంటు, కింద పరిచిన జంపఖానా, రోజుకొక్క కులం, రోజుకొక్క సంఘం రిలే దీక్ష. రోడ్డు మీద వంటావార్పు. 2011ల 42 రోజుల సకల జనుల సమ్మె. ఆ టెంటుకు కిరాయి ఏ కంపెనీ కట్టలేదు. ఇంటింటి బియ్యం, ఇంటింటి పైసలు. ఆ టెంటు కింద కూసున్నోళ్లల్ల నేనొకణ్ని. కూలోడు, టీచరు, ఆర్టీసీ కండక్టరు ఒక్క వరుసల కూసొని నిర్ణయం చేసిన రోజులు కండ్లతోటి చూసిన.

రాష్ట్రం రాంగనే ఆ టెంటు పీకేసినం. ఇగ సర్కారు మనదే గదా అనుకున్నం. ఏమైంది? సర్పంచుల పదవీకాలం 2024 మొదట్లనే ఒడిసింది. మళ్ల ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరుల. దాదాపు రెండేండ్లు ఊర్లను ప్రత్యేకాధికారులు ఏలిండ్రు. సహకార సంఘాల పాలకవర్గాల గడువు 2025 ఫిబ్రవరిల అయిపోతే ఎన్నికలు పెట్టకుండ పొడిగించిండ్రు. ఊరికి ఓటు లేదు, సంఘానికి ఓటు లేదు. కంపెనీ డీలర్ మటుకు ఒక్క రోజు గూడ దుకాణం బంద్ పెట్టలేదు.

2025ల జయశంకర్ వర్సిటీ ఊరూరికి నాణ్యమైన విత్తనం ఇచ్చే కార్యక్రమం మొదలువెట్టింది. మంచిదే. కని ఊరికి కొంతమంది రైతులకు ఇచ్చి చేతులు దులుపుకుంటే అది వాళ్ల ఇండ్లల్లనే ఆగిపోతది. సంఘానికి ఇస్తేనే ఊరిదైతది. అదే ఏడు నవంబరుల కేంద్రం కొత్త విత్తన బిల్లు ముసాయిదా బయటపెట్టింది. మొలవని విత్తనానికి రైతుకు పరిహారం ఎట్ల వస్తదో అందుల సూటిగ లేదని రైతు సంఘాలు ఎత్తిచూపినయి. మన చేతిల ఒక ఆయుధం ముందు నుంచే ఉన్నది. 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 39వ సెక్షన్. రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు మీద అమ్మొద్దు, అంతే. ఆ హక్కును కాయితం మీద ఉంచి ఏం ఫాయిదా?

అందుకే మన డిమాండ్లు ఇవి. గద్వాల, ఆర్మూరు, ములుగు ఎక్కడైనా సరే, గ్రామసభల చదివి వినిపించిన రాతపూర్వక ఒప్పందం లేకుండ విత్తన పంట వేయించిన కంపెనీ మీద కేసు పెట్టాలె. స్వచ్ఛత పరీక్ష రైతు ముంగట జరగాలె. వర్సిటీ మూల విత్తనం ఊరి సంఘాలకు నేరుగ ఇయ్యాలె. పత్తిల దాచుకునే సూటి రకాల మీద పరిశోధనకు పైసలు పెట్టాలె. సహకార సంఘాలకు గడువు తప్పకుండ ఎన్నికలు పెట్టాలె.

ఇవి సర్కారును అడిగేవి. మనం చేసుకోవాల్సినవి వేరే ఉన్నయి. వచ్చే మృగశిర లోపల ఊరికొక్క విత్తనం ఇల్లు. తాళంచెవి ఆడోళ్ల సంఘం చేతిల, అందుల దళిత ఆడోళ్లు ముందుండాలె. లెక్క గోడ మీద రాసి పెట్టాలె. పది ఊర్లు కలిసి కంపెనీతోటి ఒక్క బేరం చెయ్యాలె. దీనికి జీవో అక్కర లేదు. మంత్రి కొబ్బరికాయ అక్కర లేదు. జేఏసీ టెంటు వేసినప్పుడు ఎవరి పర్మిషన్ తీసుకున్నం?

కొమురం భీం మా ఊర్లె మా రాజ్యం అన్నడు. ఎనభై ఏండ్లు దాటినా ఆ మాట తీరలేదు. రాజ్యం అంటే సెక్రటేరియట్ మీద జెండా ఒక్కటే గాదు. చినుకు పడ్డనాడు ఎవరినీ అడగకుండ మన చేతితోటి మన గింజ వేసుకునుడు గూడ రాజ్యమే. రాష్ట్రం గుంజుకున్నం. విత్తనం గూడ గుంజుకుందాం.

జై తెలంగాణ!